తోలు తియ్యని తునికి పండ్లు

ఏప్రిల్ 20, ఆదివారం

తమ్ముడు రాజు అమ్రాబాద్ నుంచి వచ్చిపోయిండు. అమ్మ సంచి నిండ తునికి పండ్లు పంపింది. సగం పండ్లు, సగం దోరకాయలు. ఎండకాలం వచ్చిందంటే మా దిక్కు అడివిల ఇవే. గోపాల్‌పేటకు కోడలుగ వచ్చినంక నాకు ఇవి దొరుకుడే కష్టమైంది.

అత్తమ్మ మంచంల కెల్లి అడిగింది, "ఏం తింటున్నవే కావ్యా, నాకియ్యవా?" అని. ఆమె నోట్లె ఒక్క పన్ను లేదు. తోలు తీసి, గింజలు తీసి, రెండు పండ్లు పిసికి గిన్నెల పెట్టిచ్చిన. సప్పరించుకుంట కూసున్నది. గంట సేపు నన్ను పిలువలే.

టెట్ పరీక్షకు చదివే శిశు వికాసంల ఒక పాఠం మొత్తం అయిపోయింది.

ఏప్రిల్ 23

మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి అత్తమ్మకు మంచమే లోకం. "కావ్యా, ఫ్యాన్ తిప్పు." "కావ్యా, బయట ఎవరు మాట్లాడుతుండ్రు?" "కావ్యా, ఆ కుక్కను ఎల్లగొట్టు." పుస్తకం తెరిస్తెనే ఆమెకు నా పేరు యాదికొస్తది.

ఆయన గద్వాలల పత్తి విత్తనాల కంపెనీల చేస్తడు, ఆదివారం ఆదివారం వస్తడు. మొన్న మల్ల అన్నడు, "టెట్ రాస్తనంటున్నవు, రాయి. గాని అమ్మకు ఒక్క పూట తక్కువ చేసినవని తెలిస్తే ఆ పుస్తకాలు పాత పేపరోనికి ఏస్త" అని. నవ్వుకుంటనే అన్నడు. నవ్వుకుంట అన్న మాటలే ఆయన చేసేది.

ఈ పొద్దు అత్తమ్మకు నాలుగు పండ్లు ఇచ్చిన. పగలంత నాదే.

ఏప్రిల్ 26

"వగరుగున్నయే ఇయ్యి" అన్నది అత్తమ్మ. పండినయి అయిపోయినయి, మిగిలినయి దోరవే.

"వగరే మంచిది అత్తమ్మా. షుగర్‌కు మందు."

యాడ చదివిన్నో యాదికి లేదు. చదివే ఉంట.

మే 1

పక్కింటి సకీనాబీ వచ్చి కూసున్నది. అత్తమ్మ ఆమెకు గొప్పగ చెప్తుంది, "బీబీ, మా కోడలు నాకు అడివి మందు పెడుతుంది. వాళ్ళ అమ్మగారింటి నుంచి తెప్పిచ్చింది. షుగర్ దిగుతదంట. నా కొడుకు ఎప్పుడన్న అడిగిండా నా షుగర్ సంగతి?"

"మంచి పిల్ల దొరికింది నీకు జములమ్మా" అన్నది సకీనాబీ. నన్ను సూసి, "నాక్కూడ జర పెట్టు బిడ్డా, నాకూ ఉన్నది గదా షుగర్" అన్నది.

అయిపోయినయని చెప్పిన. అయిపోలే. సంచిల ఇంకా ఉన్నయి.

మే 5

రాజుకు ఫోన్ చేసి ఇంకో సంచి తెప్పిచ్చిన. అత్తమ్మ అడుగుతుందని చెప్పిన.

రోట్లె ఏసి దంచితే తొందరగ అయితుంది. పొద్దుగాల ఒక గిన్నె, పొద్దుగూకంగ ఒక గిన్నె. సగం తిన్నంక "సాకు, సాకు" అంటది. ఆమె పుట్టింది గద్వాల అవతల, రాయచూరు బార్డర్ కాడ. చాలు అననీకి వాళ్ళు గట్లనే అంటరు. "మందు గదా అత్తమ్మా, సగంల ఇడ్వొద్దు" అంట. చిన్న పిల్ల లెక్క తల ఊపి మొత్తం తింటది.

లెక్కల పాఠాలు మొదలువెట్టిన.

మే 10

అత్తమ్మ బువ్వ ఇడిచిపెట్టింది. ఎండలకు గావొచ్చు.

మే 13

రెండు ముద్దలు తినంగనే కడుపు నిండిందంటుంది. బొడ్డు మీద చెయ్యి పెట్టుకొని ఒంగి కూసుంటుంది. ఊర్లె ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్ గోళీలు ఇచ్చిండు. సోడా తాపిన. పెద్దగ తేన్పు వచ్చింది, దానికి ఆమెనే నవ్వింది. తగ్గినట్టే.

మే 15

పండ్లు బంద్ చేసిన. నొప్పికీ దీనికీ సంబంధం ఏం లేదు గాని, ఊకెనే.

మే 16

అడిగింది గదా అని ఇచ్చిన. కొంచెమే.

మే 18, ఆదివారం

ఆయన వచ్చిండు. వచ్చి రాంగనే, "అమ్మేంది గిట్ల ఎండిపోయింది?" అన్నడు. ఎండలు అన్న. ఆయన ముందల్నే కక్కుకున్నది. పొద్దుగాల తాగిన గంజి తాగినట్టే బయటికొచ్చింది.

రేపు వనపర్తికి పోవాలె.

మే 19

రాయొద్దనుకున్న. రాయకుంటే తల పలిగిపోయేటట్టున్నది.

వనపర్తిల సామ్యూల్ డాక్టర్ దవాఖానకు తీస్కపోయినం. డాక్టర్ నిమ్మళంగ మాట్లాడుతడు. అత్తమ్మ కడుపు మీద పాత కుట్లు చూసి ఇదేందమ్మా అని అడిగిండు. "పుండు లేస్తే కోసిండ్రు సారు, వీడు చిన్నగున్నప్పుడు. కడుపు సగం తీసి పారేసిండ్రు" అన్నది. స్కానింగ్ చేపిచ్చిండు. కాగితం తిప్పి తిప్పి చూసిండు.

"కడుపుల గడ్డ లెక్క ఏందో కనబడుతుంది భీమన్నా. ఏందన్నది నోట్లె కెల్లి గొట్టం ఏసి చూస్తెనే తెలుస్తది. ఆ పరీక్ష చేసే డాక్టర్ శుక్రవారం వస్తడు. అప్పటిదాంక ఇక్కడనే ఉంచుండ్రి, సెలైన్ పెడ్తం" అన్నడు మా ఆయనతోని.

"గడ్డ అంటే... అదా సార్?" అన్నడు ఆయన. క్యాన్సర్ అన్న మాట నోట్లె కెల్లి రాలే.

"అయి ఉండొచ్చు. కాకపోనూవొచ్చు."

తర్వాత డాక్టర్ అత్తమ్మ దిక్కు తిరిగి అడిగిండు, "ఏం తిన్నవమ్మా ఈ నెల రోజులు? పీచువి, కాయలు, గింజలు, ఆకుపసరు, నాటు మందులు, ఏమన్న?"

నేను గోడకు ఆనుకొని నిలవడ్డ. అత్తమ్మ నా మొకం చూసింది. ఆ చూపు ఎంత సేపుందో తెల్వదు. కండ్లు దించుకొని, "ఏం తినలే సారు. అన్నమే. గంజినే" అన్నది.

డాక్టర్ నన్ను అడిగిండు, "అంతేనామ్మా?"

తల ఊపిన.

మే 20

ఒక్క మాట చెప్తే అయిపోతుండె. గడ్డకూ పండ్లకూ ఏం సంబంధం? పండ్లు తింటే గడ్డలు లేస్తయా? మా ఊర్లె అందరికీ లేవాలె మల్ల. సంబంధం లేనిది చెప్పి ఇంట్ల లొల్లి ఎందుకు?

ఇదే మాట పొద్దుటి నుంచి మనసుల అనుకుంటనే ఉన్న. నిజమే అయితే ఒక్కసారి అనుకుంటే సరిపోతుండె.

మే 21

దవాఖాన నల్ల కాడ ఆయన మొకం కడుక్కుంటుండు. కడుగుతనే ఉన్నడు. దగ్గరికి పోతే తెలిసింది, ఏడుస్తుండని. పెండ్లయినంక ఆయన ఏడ్సుడు ఇప్పుడే చూసుడు. వెనుకకు తిరిగి వచ్చిన.

సకీనాబీ బస్సుల వచ్చింది, సంత్రాలు తెచ్చింది. అత్తమ్మ చెయ్యి పట్టుకొని, "అడివి మందు మంచిగ పని చేస్తుందంటివి గదనే, ఇట్లెట్లాయె" అన్నది. ఆయన మందుల చిట్టీ పట్టుకొని బయట ఉన్నడు, ఇనలే. అత్తమ్మ సకీనాబీ చెయ్యి నొక్కి మాట మార్చింది, "మీ అఫ్జల్ ఆటో కొంటనన్నడు, కొన్నడా?" అని.

ఆమె పోయినంక నన్ను దగ్గరికి రమ్మన్నది. గొంతు పెద్దగ వస్త లేదు.

"కావ్యా, ఆ మందు సంగతి వానికి చెప్పకు బిడ్డా. నీ పుస్తకాలు పీకి పడేస్తడు. నువ్వు నా మంచికే పెట్టినవు. నాకు గడ్డ లేసేది ఉండె, లేసింది. దానికి నువ్వేం చేస్తవు?"

"నువ్వేం పరేషాన్ కాకు అత్తమ్మా" అన్న.

"టీచర్ కావాలె నువ్వు. ఇంట్ల మనిషి టీచర్ అయితే ఎంత మంచిగుంటది" అన్నది.

ఇప్పుడు రాసేది ఎవ్వరికీ చెప్పలేను. ఆమె ఆ మాట అన్నప్పుడు నాకు ఏడుపు రాలే. నిమ్మళమైంది. ఇగ బయటికి రాదు అనుకున్న. తను పోతనని అనుకుంట గూడ ఆమె నా రహస్యం కాపాడుతుంటే, నాకు నిమ్మళమైంది.

మే 22

చెప్పిన.

ఎట్ల జరిగిందో అట్లనే రాస్త.

పొద్దుగాల ఆయన వచ్చి, "అమ్మ గొట్టం పరీక్ష వద్దంటుంది. గడ్డనే అయితే ఆ వయసుల కోతలు, రేడియేషన్ కరెంటు పెట్టుడు, ఏం తట్టుకుంటది? ఇంటికి తీస్కపోదాం. ఉన్నన్ని దినాలు మన ఇంట్ల, మన మంచం మీద ఉంటది" అన్నడు. అత్తమ్మ గూడ అదే అన్నది. ఆమె బట్టలు సంచిల పెట్టమన్నడు. పెట్టిన. చీర మడతపెట్టి పెట్టిన, గిన్నె కడిగి పెట్టిన. ఆయన బండి మాట్లాడి వచ్చిండు. గంట సేపు నేను ఆ సంచి సర్దుతనే ఉన్న.

డాక్టర్ రూముల సంతకం పెట్టాలె, మా ఇష్టంతోనే తీస్కపోతున్నమని. ఆయన పెన్ను తీస్కున్నడు.

"సార్, ఆమె తునికి పండ్లు తిన్నది" అన్న.

ఇద్దరు నన్ను చూసిండ్రు.

"ఎన్ని తిన్నది?" అన్నడు డాక్టర్.

"కొన్ని."

"కొన్ని అంటే?"

"నెల రోజుల నుంచి. పొద్దుగాల ఒక గిన్నె, సాయంత్రం ఒక గిన్నె. ఎక్కువ దోరకాయలే. నేనే పెట్టిన."

డాక్టర్ కుర్చీల ముందలికి జరిగిండు. "పండినయి రెండు మూడు తింటే ఏం కాదమ్మా, అందరు తింటరు. కాయల వగరు ఉంటది చూడు, అది కడుపుల రసంతోని కలిస్తే జిగురు లెక్క గట్టిపడ్తది. పీచు, తోలు దానికి అతుక్కుంటయి. మంచి కడుపైతే నూరి కిందికి తోస్తది. ఈమెకు కడుపు సగమే ఉన్నది, షుగర్ ఉన్నది, నమలనీకి ఒక్క పన్ను లేదు. అరగని పీచంత ముద్ద గట్టి కూసుంటది. స్కానింగ్‌ల అదే గడ్డ లెక్క కనబడొచ్చు." నా దిక్కు చూసి, "సోమవారం నాడు అడిగిన గదమ్మా?" అన్నడు. గంతే. ఎక్కువ అనలే.

ఆయన పెన్ను కింద పెట్టిండు. కొడ్తడనుకున్న. అందరి ముందల తిడ్తడనుకున్న. వరండల కొచ్చినంక నిమ్మళంగ అడిగిండు.

"తినవెడితివి, తెల్వక పెడితివి. గడ్డ అన్నంక గూడ చెప్పలేదా?"

"భయమైంది."

"ఎవరంటే?"

"నీ... నువ్వంటే." ఆ మాట సగమే నిజం. మిగిలిన సగం నాకే తెల్వదు.

"నేను ఇంటికి తీస్కపోతుంటి కావ్యా. సంచి నువ్వే సర్దుతివి" అన్నడు.

మే 23

గొట్టం ఏసి చూసిండ్రు. గడ్డ కాదు. నల్లగ, ఆకుపచ్చగ, నిమ్మకాయంత ముద్దలు రెండు. క్యాన్సర్ కాదని చెప్పంగనే ఆయన డాక్టర్ చేతులు పట్టుకున్నడు. నన్ను చూడలే.

ముద్దలు మెత్తబడనీకి కూల్‌డ్రింక్ తాపమన్నడు డాక్టర్, చక్కెర లేనిది. అట్ల కరిగిన సందర్భాలు ఉన్నయంట. అత్తమ్మకు నవ్వొచ్చింది. "చాయ్‌ల చక్కెర ఎయ్యనియ్యని డాక్టరు గిదేందిరా, కూల్‌డ్రింక్ తాపుతుండు!"

ముద్ద ఎందుకు గట్టిందో ఆమెకు ఇంకా చెప్పలే. కడుపుల ఏందో ముద్ద గట్టింది, గడ్డ కాదు అని మాత్రం చెప్పిండు ఆయన.

మే 25

నొప్పి తగ్గింది. గ్లాసెడు సల్ల తాగింది. దేవుడు ఉన్నడు.

మే 27

దేవుడు లేడు అని రాయబోయి ఆగిన.

తెల్లారంగనే కడుపు కుండ లెక్క ఉబ్బింది. ఆకుపచ్చని వాంతులు. డాక్టర్ ఉరికొచ్చిండు. ముద్ద మెత్తబడి పలిగిందంట. ఒక ముక్క కిందికి జారి సన్న పేగుల అడ్డం పడ్డదంట. ఆపరేషన్ చెయ్యకుంటే పేగు చచ్చిపోతది. 

"మొదటి రోజే చెప్పి ఉంటే ఇది తప్పేదా సార్?" అని అడిగిన.

"చెప్పలేనమ్మా" అన్నడు. తప్పేది కాదు అని గూడ అనలే.

ఆపరేషన్ తలుపు మూసేటప్పుడు అత్తమ్మ చెయ్యి గాలిల ఊపింది. ఎవరికి ఊపిందో తెల్వదు. ఆయన, నేను, బెంచికి ఈ కొనకు ఒకరం ఆ కొనకు ఒకరం కూసున్నం.

మే 28

బతికింది.

నిన్న ఆపరేషన్ అయినంక సిస్టర్ పిలిచి స్టీల్ గిన్నెల చూపిచ్చింది. రెండు ముద్దలు. ఒకటి గుండ్రంగ, ఒకటి ముక్క. నల్లటి గట్టి పీచు. దాంట్లె తోలు ముక్కలు స్పష్టంగ కనబడుతున్నయి. "తోలుతోని తిన్నదా ముసలమ్మ?" అన్నది సిస్టర్.

వెనుక పేజీలు తిరిగేసి చూసిన. మొదటి దినం, తోలు తీసి, గింజలు తీసి ఇచ్చిన అని రాసిన. ఆ ఒక్క దినం నిజమే. తర్వాత తియ్యలే. ఒక్కొక్క దానికి తోలు తీసుకుంట కూసుంటే పొద్దు పోతుండె. గింజలు ఏరేసి, తోలుతోనే దంచిన. దంచితే తొందరగ అయితుంది అని రాసుకున్న గాని, తోలు సంగతి రాయలే. ఎవరు చదువుతరని?

మే పదహారు నాడు అడిగింది గదా అని ఇచ్చిన అని రాసిన. ఆమె అడగలే. నాకు ఆ దినం మోడల్ పేపర్ ఉండె.

షుగర్‌కు మందని యాడా చదవలే.

జూన్ 6

ఇంటికి తెచ్చినం. కుట్లు మానుతున్నయి. ఆయన సెలవు పెట్టిండు. అత్తమ్మకు ఆయనే స్నానం పోస్తుండు, ఆయనే తల దువ్వుతుండు. నేను వండుతున్న. నాతోని అవసరం ఉన్న మాటలే మాట్లాడుతుండు. ఉప్పు తక్కువ. నీళ్ళు వచ్చినయి. గంతే.

పుస్తకాలు పాత పేపరోనికి ఎయ్యలే. "పరీక్ష రాయి" అన్నడు మొకం చూడకుండ. ఏసి ఉంటే మంచిగుండు.

జూన్ 9

అత్తమ్మకు చెప్పిన. ఆయన అంగడికి పోయిండు, ఇద్దరమే ఉన్నం. చెప్పకుంటే గూడ నడుస్తుండె. ఆమె ఇంకా సకీనాబీతోని అంటుంది, "మందు మంచిదే, నా పాత కడుపే మోసం చేసింది" అని. అది ఇన్నప్పుడల్ల అన్నం దిగుత లేదు.

మంచం పక్కకు కింద కూసొని చెప్పిన. "అత్తమ్మా, అవి మందు కాదు. షుగర్‌కు మందని నేనే కల్పిచ్చి చెప్పిన. తోలు గూడ తియ్యలే."

"మరి ఎందుకు పెడితివి?"

"నువ్వు పిలువకుండ ఉంటవని. నాకు చదువుకోను టైం దొరుకుతదని."

ఆమె కండ్లు నా మీదనే ఉన్నయి. తిడ్తదేమో అని చూసిన. ఏడుస్తదేమో అని చూసిన. "నా షుగర్ సంగతి ఒక్కరన్న అడిగిండ్రు అనుకుంటి" అన్నది. మెల్లగ అటు దిక్కు తిరిగి పండుకున్నది. తిరిగితే కుట్లు గుంజుతయని తెలుసు, అయినా తిరిగింది.

నా బరువు దించుకోనీకి చెప్పిన్నా, ఆమెకు తెలియాలని చెప్పిన్నా? నా కోసం గదా డాక్టర్ ముందల అబద్ధమాడింది. ఏ కోడలి కోసం ఆడిందో ఆ కోడలు లేదని చెప్పి వచ్చిన.

జూన్ 10

పొద్దుగాల జావ తీస్కపోయిన. గిన్నె అందుకోలే.

"ఇందుల ఏమున్నది?" అన్నది.

రాగిపిండి, సల్ల, ఉప్పు అని చెప్పిన. గిన్నె దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. తాగింది.

జూన్ 12

ఆయన ఇస్తే అడగదు. నేను ఇస్తేనే అడుగుతది. గోళీ ఇచ్చినా, నీళ్ళు ఇచ్చినా. "ఇది ఏంది?" కోపం లేదు గొంతుల. కొత్తగ వచ్చిన మనిషిని అడిగినట్టు అడుగుతది.

జూన్ 20

టెట్ రాసి వచ్చిన. రాజు తోలుకపోయిండు. మంచిగనే రాసిన. అట్ల రాసినందుకు గూడ మనసుల ఏదో ఉన్నది.

ఇంటికొస్తే అత్తమ్మ, "రాసినవా?" అన్నది. రాసిన అన్న. "మంచిది" అని టీవీ దిక్కు చూసింది.

జూన్ 29, ఆదివారం

ఆయన పోయిన వారం నుంచి మల్ల గద్వాల డ్యూటీకి పోతుండు. పోయేటప్పుడు వాకిట్ల నిలవడి, "అమ్మ ఏమన్న తినకుంటే ఫోన్ చెయ్యి" అన్నడు. నెల రోజులల్ల నా మొకం చూసి మాట్లాడింది అదే మొదలు. ఈ పొద్దు వచ్చిండు, పోయిండు.

నడుమ నడుమ అత్తమ్మ పిలుస్తుంది. ఫ్యాన్ కోసం, కుక్క కోసం, వాన పడుతుందా అని. పోతున్న. పిలిచినప్పుడల్ల పోతున్న. ఇది మంచితనం అని రాసుకోను, భయమే కావొచ్చు.

పొద్దుగూకంగ మెత్తగ ఉడికిన అన్నంల పెసరపప్పు కలిపి తీస్కపోయిన.

"ఇందుల ఏమున్నది?"

"అన్నం, పెసరపప్పు, జర నెయ్యి. ఉప్పు మర్చిపోయిన, ఇప్పుడు కలుపుత."

"ఇంకేం లేదా?"

"ఇంకేం లేదు అత్తమ్మా."

నా మొకం చూసింది. నేను కండ్లు దించుకోలే. తిన్నది.